ఐదో పేరు

శనివారం ఉదయం ఆరింటికే అమరావతికి నడుము పట్టేసింది. గ్రైండర్‌లోంచి పిండి తోడి, కవర్లలో నింపి, మూతులు ముడివేసి, వాకిట్లో బల్ల మీద పేర్చడం ఆమెకు రోజూ ఉండే పనే. కోయంబత్తూరు శివార్లలోని ఆ వీధి వీధంతా ఆమె రుబ్బిన పిండితోనే, అక్కడి మాటలో మావుతోనే, ఇడ్లీలు పోసుకుంటుంది. భర్త మదన్ మోటార్లకు తీగ చుట్టే షెడ్డుకు అప్పటికే వెళ్ళిపోయాడు.

వంటింటి గట్టు మీద ఆరు గ్లాసుల్లో పిండి పోసుకుని, థర్మామీటరు ఒక చేత్తో, స్కేలు ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉంది కూతురు ఇందుజ. పదకొండో తరగతి. నలభై రోజులుగా ఇంట్లో ఇదే తంతు. కొలవడం, నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోవడం.

"ఏమే అమ్మణీ, గట్టంతా నువ్వే పరుచుకుంటే నేను యాడ పని చేసేది? మావుతో ఆటలేంటికి?"

"ఆట కాదుమ్మా. ఉప్పు ముందే వేసిన గ్లాసు అర సెంటీమీటరు తక్కువ పొంగినాది. చూడు."

"పొంగినా పొంగకున్నా మావు అమ్ముడుపోవల్ల కదా. తియ్యి, తియ్యి."

ఇందుజ గ్లాసులు కిటికీ దగ్గరికి జరుపుకుంది. ఈలోగా ఫోను మోగింది. సౌందరం. మదన్ పెదనాన్న కూతురు, అమరావతికి వదిన. పక్క వీధిలో రెండంతస్తుల మేడ. రేపు ఆమె మనవడికి చెవులు కుట్టే వేడుక.

"అమరావతీ, పదింటికల్లా వచ్చేయి. వంట మాస్టరు వస్తాడు, సరే, అయినా నువ్వు లేకుంటే నాకు చెయ్యి ఆడదు. ఇందుజను గూడా పిలుచుకొని రా. మా చిన్న కూతురు షణ్ముగప్రియ ఫ్రెండ్సు వస్తాండారు, ఏదో స్కూలు పని ఉండాదంట."

"వస్తాను వదినె. దానికేమి, వచ్చేస్తాను."

నువ్వు లేకుంటే చెయ్యి ఆడదు. ఆ ఒక్క మాట చాలు అమరావతికి, నడుము నొప్పి సగం తగ్గిపోతుంది. పదిహేడేళ్ళుగా ఆ మేడలో ఏ శుభకార్యమైనా ఆమె ముందుగానే వెళ్ళాలి. కూరలు తరగాలి, వడ్డించాలి, అందరూ తిన్నాక, సాంబారు అడుగంటాక, చివరి బంతిలో వంటవాళ్ళ పక్కన కూర్చుని నాలుగు మెతుకులు తినాలి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అనే సామెత ఆమెకు తెలియక కాదు. అది ఎదుటివాళ్ళ గురించి పుట్టిందని అనుకుంది, మనందరిలాగే.

మధ్యాహ్నం దాకా చిన్న ఉల్లిపాయలు ఒలిచి ఒలిచి ఆమె కళ్ళు మండిపోయాయి. మూడింటికి సౌందరం బజ్జీల పళ్ళెం చేతికిచ్చి, "పిల్లోళ్ళకు పైన ఇచ్చి రా" అంది. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కింది అమరావతి.

గదిలో మంచం మీద ఇందుజ తరగతే చదివే షణ్ముగప్రియా, ముగ్గురు స్నేహితురాళ్ళూ బోర్లా పడుకుని ఫోనులో ఏదో చూసి నవ్వుకుంటున్నారు. ఇందుజ ఒక్కతే నేల మీద కూర్చుని, పెద్ద చార్టు మీద రంగు పెన్నులతో గీతలు గీస్తోంది. చార్టు పైన ఇడ్లీ పిండి బొమ్మ. కింద ఆరు గ్లాసులు, నలభై రోజుల అంకెలు. అవి తన వంటింటి గట్టు మీది గ్లాసులేనని అమరావతి వెంటనే గుర్తుపట్టింది. బడిలో నేర్చుకున్న కాస్త తమిళం, ఇంగ్లీషుతో కూడబలుక్కుని చార్టు కింద రాసిన పేర్లు చదివింది. నాలుగు పేర్లున్నాయి. ఇందుజ పేరు లేదు.

"ఏమి ప్రియా, మా పిల్ల పేరు కనపడలేదే?"

"టీచరు జట్టుకు నలుగురే అన్నారు అత్తా. ఇందుజకు ఇట్లాంటివి ఇష్టం కదా, హెల్ప్ చేస్తాంది. మా సైంటిస్ట్ మేడం!"

మంచం మీద పిల్లలు మళ్ళీ నవ్వారు. ఇందుజ కూడా తలెత్తి నవ్వింది. పరవాలేదు, నాకేం కాలేదు అన్నట్టు, పెదవులు మాత్రమే కదిలే నవ్వు. ఆ నవ్వు ఎక్కడో చూసినట్టుంది అమరావతికి. పళ్ళెం అక్కడ పెట్టి కిందికి దిగేసింది. మిగిలిన ఉల్లిపాయలు ఎలా ఒలిచిందో ఆమెకే తెలియదు.

సాయంత్రం ఇంటికి వచ్చీ రాగానే గడప దగ్గరే పట్టుకుంది కూతుర్ని.

"బుద్ధి ఉండాదా నీకు? నలభై దినాలు నా ప్రాణం తీసి కొలిచినావే, దాన్ని ఎత్తి వాళ్ళ చేతిలో పెట్టి వస్తావా? వాళ్ళేమో మంచం మీద, నువ్వేమో నేల మీద!"

"వదిలెయ్యిమ్మా."

"ఏంటికి వదలల్ల? నోరు లేదా నీకు?"

"నోరు తెరిస్తే ఎవురితో తినేది?" అరిచింది ఇందుజ. "పోయిన సంవత్సరమంతా బడిలో కుళాయి పక్కన ఒక్కదాన్నే తిన్నాను, నీకు తెలుసునా? వాళ్ళు సీరియలు, రీల్సు అంటారు. నేను మావు ఏంటికి పులుస్తాది అంటే లేచి పోతారు. ఈ సంవత్సరం నలుగురికీ రికార్డు నోట్లు రాసిస్తాండాను. రాసిస్తేనే బెంచీ మీద కొంచెం జరుగుతారు. ఆ కొంచెం చోటు కోసరమే ఇదంతా."

"ఛీ, అట్ల బతికేదాని కంటే..."

"నువ్వు బతకలేదా? సౌందరం అత్త ఇంట్లో మనము ఎప్పుడైనా మొదటి బంతిలో కూర్చున్నామా? పని చేస్తే పిలుస్తారు, పిలిస్తే పోతావు, పోయి నవ్వుతావు. నేనూ నీ దగ్గరే నేర్చుకున్నాను కదమ్మా!"

అమరావతి చెయ్యి లేచింది. లేచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మేడ మీద చూసిన నవ్వు ఎవరిదో అప్పుడు తెలిసింది ఆమెకు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని ఊరివాళ్ళందరి గురించీ అనేది. ఇప్పుడు ఆ ఆవు తనే. గడప మీద కూలబడి, ఉల్లి వాసన పోని చేతుల్లో ముఖం పెట్టుకుంది. పదిహేడేళ్ళ అలసట ఒక్కసారిగా మీద పడినట్టయింది. ఇందుజ కాసేపు నిలబడి, వచ్చి పక్కనే కూర్చుంది. 

ఆదివారం తెల్లవారుజామున సౌందరం నాలుగుసార్లు ఫోను చేసింది. "మేము పన్నెండింటికి వస్తాము వదినె" అని ఒకే ముక్క చెప్పి పెట్టేసింది అమరావతి. చెప్పినట్టే పన్నెండింటికి పట్టుచీర కట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. పిల్లవాడి చేతిలో చదివింపు పెట్టి, నేరుగా మొదటి బంతిలో ఆకు ముందు కూర్చుంది.

సౌందరం రుసరుసలాడుతూ వచ్చింది. "ఏమి అమరావతీ, నువ్వే కూర్చుంటే వడ్డించేది ఎవురు?"

 లేచిపోదామని అమరావతి కాళ్ళు తొందరపడ్డాయి. అలవాటంటే అంతే మరి. పక్కన కూతురు తన ముఖమే చూస్తోందని గుర్తొచ్చి కదలకుండా ఉండిపోయింది.

"ఈ దినం మేము చుట్టాలుగా వచ్చినాము వదినె. కోపం చేసుకోవద్దండి. ఎవురైనా వడ్డిస్తారులే."

సౌందరం ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనకాలే షణ్ముగప్రియ కూడా. అమరావతికీ ఇందుజకూ అటూ ఇటూ రెండు ఆకులు ఖాళీగానే ఉండిపోయాయి.

ఇందుజ అన్నం కెలుకుతూ మెల్లిగా అడిగింది. "రేపు నోటుబుక్కు తీసకపోయి మా సైన్సు తమిళ్‌సెల్వి టీచరుకు చూపించేదా అమ్మా?"

"చూపించు."

"తరవాత నాతో ఎవురూ తినరు."

తింటారు, ఎందుకు తినరు అని ధైర్యం చెప్పాలనుకుంది అమరావతి. అబద్ధం నోటికి రాలేదు. "తినకుంటే తినకపోనీ కన్నూ. కష్టంగానే ఉంటాది. నాకూ ఇప్పుడు కష్టంగానే ఉండాది. అయినా లేచిపోలేదు చూడు."

సోమవారం సాయంత్రం పిండి కొనేవాళ్ళు వచ్చే వేళ. అయినా బల్లను పక్కింటావిడకు అప్పగించి, బస్టాపుకు నడిచింది అమరావతి. రోజంతా ఆమె మనసు బడిలోనే ఉంది.

బస్సు దిగిన ఇందుజ ముఖం వాడిపోయి ఉంది.

"ఏమన్నారు కన్నూ?"

"టీచరు నోటుబుక్కంతా చదివినారు. ప్రియను ఒకటి రెండు అడిగినారు, దానికి చెప్పేకి రాలేదు. చార్టులో నలుగురి కిందా ఐదోదిగా నా పేరు రాసినారు. మళ్ళీ దాన్ని కొట్టేసి, అందరికన్నా పైన రాసినారు."

"మరి మధ్యాహ్నం?"

ఇందుజ సంచీ భుజం మార్చుకుంది. కళ్ళు నిండిపోయాయి. "ఎవురూ జరగలేదుమ్మా. కుళాయి దగ్గరికే పోయినాను. ఒక్కదాన్నే."

 తను చెప్పిన మాటకు మూల్యం బిడ్డే చెల్లించిందని అమరావతికి అర్థమైంది. టిఫిన్ డబ్బా అందుకుంది. తేలిగ్గా ఉంది.

"తిననే లేదా? పారబోసినావా?"

"లేదుమ్మా. అంతా తిన్నాను," అంది ఇందుజ, ఏడుస్తూనే. "పోయిన సంవత్సరం ఒక్క దినం గూడా డబ్బా ఖాళీ చెయ్యలేకపోయినాను. ఈ దినం మొత్తం తిన్నాను."

చూసేవాళ్ళు చూడనీ అని, ఆ బస్టాపులోనే కూతుర్ని గుండెకు హత్తుకుని అమరావతి బావురుమని ఏడ్చింది.