అమ్మ బొమ్మ ఉన్న అట్ట

సాయంత్రం ఏడూ పదికి వాచీల మెకానిక్ తన దుకాణం షట్టరు దించి, తాళం రెండుసార్లు లాగి చూసుకున్నాడు. ఇంటికి వెళ్లలేదు. మూతపడ్డ బైండింగు షాపు వైపు నడిచాడు.

ఆ షాపుకు మంచి పేరు లేదు. అన్నదమ్ములిద్దరు అందులో పాత వారపత్రికలను ఏడాదికొక పుస్తకంగా కుట్టేవారు. కుట్టేముందు అట్టలు చింపి పారేయడం బైండర్ల అలవాటు. తమ్ముడు మాత్రం బొమ్మలు బాగున్నాయని కట్టలు కట్టి దాచేవాడు. వాటికి గిరాకీ వచ్చాక అన్న సగం అడిగాడు. తమ్ముడు ఇవ్వనన్నాడు. కాగితం కోసే కత్తితోనే అన్న అతని గొంతు కోశాడు. తర్వాత జైల్లో తనూ పోయాడు. చీకటి పడితే లోపల కాగితం కోస్తున్న చప్పుడు... అని వీధిలో అంటారు.

మెకానిక్ ఇవన్నీ విన్నవాడే. కానీ ఆ కట్టల్లో ఒక అట్ట ఉంది. దాని మీద పసుపు గొడుగు పట్టుకున్న అమ్మాయి అతని తల్లి. పెళ్లికి ముందు పక్కింటి చిత్రకారుడు ఆమెను చూసి వేసిన బొమ్మ. అతని మూడో ఏట ఆమె పోయింది. ఫొటో ఒక్కటీ లేదు. ముఖం గుర్తులేదు.

"మంచం కింద ఉన్న పాత కాగితాల చెత్త చాలలేదా? పగలు పోయి తెచ్చుకోండి," అంది భార్య ఫోన్లో.

"పొద్దున ఆరింటికే షాపు కూలగొడుతున్నారటే."

వెనక కిటికీలోంచి దిగాడు. మూడో కట్టలో అట్ట దొరికింది. టార్చి వెలుగులో అమ్మ నవ్వుతోంది — గడ్డం మీద తన కూతురికున్న సొట్టే...

టార్చి ఎగిరిపడింది. చీకటి. అట్ట రెండో అంచు పట్టుకుని ఎవరో లాగుతున్నారు.

"సగం..." అని గుసగుస.

వదల్లేదు. ముంజేతి మీద చల్లగా ఒక గీత పడింది — వెంటనే వేడిగా కారింది. చేతికందిన ఇనప దిమ్మెతో ముఖమని తోచిన చోట కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు. మళ్లీ కొట్టాడు. భుజంలో పళ్లు దిగాయి. ఇద్దరూ నెత్తుట్లో దొర్లారు.

"చచ్చినా వదలవా నన్ను!" అని అరిచాడు మెకానిక్.

"నేనెప్పుడు చచ్చానోయ్?... వాచీల బావా, నువ్వా!"

సోడాబుడ్డి! దళసరి కళ్లద్దాల వల్ల ఆ పేరు. ఆదివారం పాత కాగితాల బజారులో మెకానిక్‌కు పోటీదారు. అదే అట్ట కోసం ముందు తలుపు గడియ విరగ్గొట్టి వచ్చాడు. ఒకరినొకరు దెయ్యమనుకుని చంపుకోబోయారు. ఇదంతా మెకానిక్ చెప్పగా వీధిలో అందరం విన్నదే.

ఆసుపత్రిలో పక్కపక్క మంచాలు పడ్డాయి.

"సగం కోసం కత్తి దూస్తావుటోయ్?" అన్నాడు మెకానిక్.

ముక్కుకు కట్టుతో సోడాబుడ్డి మెల్లగా ఇటు తిరిగాడు. మెడ మీద పదకొండు కుట్లు.

"ఆ మాట అన్నది నువ్వు కదూ? కత్తి నీది కాదూ?"

ఆ రాత్రి ఇద్దరూ లైటు ఆర్పనివ్వలేదు.

షాపు కూల్చిన కూలీలకు కత్తి దొరకలేదు. ఐదు రోజుల తర్వాత, ఆసుపత్రిలో ఆ ఇద్దరి గుప్పిళ్లలోంచి నర్సు తీసి దాచిన రెండు ముక్కలనూ ఫ్రేములు కట్టే ఆయన బల్ల మీద కలిపి చూశాడు. చిరుగు కాదు — కోత. అంచున పీచు లేదు. అమ్మ ముఖం మధ్యగా, పైనుంచి కిందికి నిటారుగా. స్కేలు పెట్టి కొలిచాడు.

వెంట్రుకవాసి తేడా లేదు. సరిగ్గా సగం.