కింద ఒక్క లైను

కళ్ళజోళ్ళ షాపాయనకి నలభై ఆరేళ్ళు. నుదురు నడినెత్తి దాకా పాకేసింది. మిగిలిన నాలుగు వెంట్రుకల్నీ అపురూపంగా దువ్వుకునేవాడు. అలాంటి మనిషిని "చంటోడా" అని పిలిచేది లోకంలో ఒక్కరే, వాళ్ళక్క.

తల్లి పోయాక ఎత్తుకుని పెంచింది ఆవిడే. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే, "మా వాడి ముక్కు తుడవడానికే తీరిక లేదు నాకు" అనేది. తమ్ముడికి మీసాలొచ్చాక కూడా అదే మాట.

ఆవిడ బళ్ళో పాఠాలు చెప్పేది. గొంతు ఖంగుమనేది. ఈ గదిలో అక్క కేకేస్తే మూడో గదిలో పిల్లలు చేతులు కట్టుకునేవారట. ఆ గొంతులోనే పుండు లేచింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది గానీ మాట పోయింది.

ఇంట్లో ఉంటే గాజు గ్లాసు మీద చెంచాతో టింగు టింగుమని కొట్టి పిలిచేది. మరి తమ్ముడు షాపులో ఉన్నప్పుడో? అందుకు ఆవిడే ఒక దారి వెతుక్కుంది. ఆ రోజుల్లో ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకున్నవాళ్ళకి, సొంతంగా ఏదైనా రాసి పెట్టుకోమని కంపెనీవాళ్ళు కాస్త చోటు ఇచ్చేవారు. అందులో ఒక పేజీ తెరిచి పైన "ఇవాళ మా ఇంట్లో" అని పెట్టింది. పక్కింటి పిల్లి పాలు తాగిపోవడం దగ్గర్నుంచి, తమ్ముడు గొడుగు మర్చిపోవడం దాకా అన్నీ రాసేది. షాపులో కంప్యూటరు మీద ఆ పేజీ ఎప్పుడూ తెరిచే ఉండేది. కళ్ళజోడు తుడుస్తూ చదువుకుని అతను తనలో తనే నవ్వుకునేవాడు.

ఒక్కరోజు చదవలేదు. బడులు తెరిచే రోజులు. షాపు నిండా పిల్లలు, తల్లిదండ్రులు. ఆరింటికి తీరిక చిక్కి చూస్తే, నాలుగూ పదికి రాసిన లైను ఉంది.

"చంటోడా, కొంచెం తొందరగా రారా."

పరుగెత్తాడు. అక్క కుర్చీలో ఒరిగి ఉంది. చెంచా కింద పడి ఉంది. చెయ్యి అప్పటికే చల్లబడిపోయింది.

రెండేళ్ళు గడిచాయి. ఆ లైను చదవని రోజు లేదు. అప్పుడొచ్చింది కంపెనీ నుంచి ఉత్తరం. ఖాతాదారుల సొంత పేజీలు తీసేస్తున్నారట. ఈ రోజు నుంచి ఎవరూ వాటిని మార్చలేరట. నెలాఖరు సాయంత్రం అయిదింటికి అన్నీ చెరిపేస్తారట.

మర్నాడే వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాడు. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఓపికగా విన్నది.

"పేజీలో ఉన్నదంతా కాపీ చేసుకున్నారు కదా సార్?"

"చేసుకున్నానమ్మా. నోటుపుస్తకంలోకి కూడా ఎక్కించుకున్నాను. అది కాదు. చివర్న నేనొక లైను రాయాలి."

"ఏం రాస్తారు?"

"వస్తున్నానక్కా అని."

ఆ అమ్మాయి కీబోర్డు మీద ఏదో కొట్టి చూసింది. "ఖాతా ఆవిడ పేరు మీద ఉంది సార్. పాస్‌వర్డ్ తెలిసినా ఇప్పుడు లాభం లేదు. మా చేతుల్లో కూడా లేదు. చూడొచ్చు, అంతే. ముట్టుకోలేం."

రెండేళ్ళుగా ఆ ఒక్క లైను రాయడానికి అతనికి ధైర్యం చాలలేదు. ధైర్యం కూడగట్టుకునేసరికి తలుపు మూసేశారు. ఇంటికెళ్ళి అక్క కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాడు.

ఆ తర్వాత మూడో రోజు. షాపులో ఎవరూ లేరు. బయట మబ్బు పట్టింది. అలవాటుగా పేజీ కిందకి జరిపాడు. ఆఖరి లైను ఆఖరిది కాదు. దాని కింద ఇంకొకటి ఉంది. ఇవాళ్టి తారీఖే. నాలుగూ పది.

"ఇంకా రాలేదేంరా?"

ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"ఎవరో రాశారమ్మా..."

"కుదరదు సార్. ఎవరికీ కుదరదు." అవతల ఆ అమ్మాయి పేజీ తెరిచి చూసింది. "నాకూ కనిపిస్తోంది. ఎలాగో తెలీడం లేదు."

షట్టరు దించి ఇంటికి పరుగెత్తాడు. ఎవరూ లేరు. కానీ అక్క గదిలో గొంతు మందు వాసన... ఘాటుగా, అప్పుడే సీసా మూత తీసినట్టు. రెండేళ్ళ కిందట తన చేతులతోనే పారబోసిన మందు.

మర్నాడూ వచ్చింది. "మెట్ల మీద చప్పుడైతే నువ్వే అనుకున్నా."

ఆ తర్వాతి రోజు, "దీపం వెయ్యరా. ఏమీ కనపడ్డం లేదు." ఆ రాత్రి నుంచి అక్క గదిలో దీపం ఆర్పలేదు.

రోజూ మూడున్నరకల్లా షాపు కట్టేసేవాడు. అయినా అందేది కాదు. ఎవరో ఒకరు అడ్డం పడేవారు. గుమ్మంలో కాలు పెట్టేసరికి ఫోనులో లైను వచ్చేసి ఉండేది, గదిలో వాసన పల్చబడుతూ ఉండేది. భయం లేదా అంటే ఉంది. కానీ భయం కంటే పెద్దది, మళ్ళీ ఆలస్యమయ్యానే అన్న బాధ.

నెలాఖరుకి ముందు రోజు వచ్చిన లైను మాత్రం వేరు.

"ఎవరో వస్తున్నారు. అడుగులు నీవే. మనిషివి నువ్వు కాదు."

ఆఖరి రోజు షాపు తెరవనే లేదు. పొద్దుటి నుంచి అక్క కుర్చీకి ఎదురుగా ఫోను పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం వాన మొదలైంది. గది నిండా బూడిదరంగు వెలుతురు. చూరు నుంచి నీళ్ళు కారే చప్పుడు తప్ప మరొకటి లేదు.

నాలుగూ పది.

లైను రాలేదు. వాసన వచ్చింది. మంచం వైపు నుంచి మెల్లగా... అతని మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. మెడ వెనక చల్లగా తగిలింది.

"అక్కా," అన్నాడు గుసగుసగా. "ఇక్కడే ఉన్నానక్కా. ఇవాళ ఆలస్యం చెయ్యలేదు."

వాసన అతన్ని దాటింది. గుమ్మం దాటింది. మెట్లు దిగిపోయింది. కళ్ళముందు కూర్చున్నవాణ్ణి ఆవిడ చూడలేదు.

ఫోనులో కళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగున్నర. ఏమీ లేదు. అయిదుకి పది నిమిషాలు తక్కువ...

"ఎంతకని చూడను? నేనే షాపుకొచ్చాను."

చెప్పులు కూడా తొడుక్కోకుండా వానలోకి దూకాడు. షాపు పావుగంట నడక. పరుగెడుతూనే తెర తుడుచుకుని చూశాడు.

"ఉన్నావుగా. అటు తిరిగి కూర్చున్నావేం? పిలుద్దామంటే గ్లాసు తెచ్చుకోలేదు."

"అక్కా, వద్దు! అది నేను కాదు!" నడివీధిలో అరిచాడు. గొడుగుల కింద నుంచి జనం వింతగా చూశారు.

మలుపు తిరుగుతుండగా ఇంకొకటి.

"ఇటు తిరిగావు."

తర్వాత ఒకే ఒక్క మాట. "చంటో"

అయిదయింది. తెర మీద తెల్లటి పేజీ. మీరు వెతికినది ఇక్కడ లేదు అని రాసి ఉంది.

షాపు షట్టరు వేసే ఉంది. నిన్న తను వేసిన తాళం వేసినట్టే ఉంది. తీశాడు. లోపల మందు వాసన గుప్పుమంది. కౌంటరు వెనక తన కుర్చీ తలుపు వైపు తిరిగి ఉంది. చెయ్యి వేసి చూశాడు. కుర్చీ వెచ్చగా ఉంది.

"ఏమండోయ్, అప్పుడే వెనక్కొచ్చేశారే?"

ఎదురు కొట్టులో గడియారాలు బాగుచేసే ఆయన. ఆ వీధికి వచ్చి ఆర్నెల్లు కాలేదు. కంటికి భూతద్దం అలాగే ఉంచుకుని నవ్వుతున్నాడు.

"నేను... ఇప్పుడే వచ్చానండీ."

"భలేవారే! ఇందాక నా కళ్ళముందేగా తాళం వేసి వెళ్ళారు. ఎవరో పెద్దావిడ చెయ్యి పట్టుకుని."

"ఎటు?" అన్నాడు.

గడియారాలాయన వీధి అవతలి కొసకి చెయ్యి చూపించాడు. ఇంటి వైపు కాదు.

"ఆవిడెవరండీ? పాపం, అడుగడుక్కీ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు. నోరు తెరిచి ఎవర్నో పిలుస్తున్నట్టే ఉంది గానీ గొంతు బయటికి రాలేదు. మీరేమో ఒక్కసారైనా ఆగరే!"

అతను ఆ కొస వైపే చూస్తున్నాడు. ఒంటి మీద నుంచి నీళ్ళు ధారకడుతున్నాయి. గడియారాలాయన అప్పుడు చూశాడు అతన్ని సరిగ్గా. కంటికున్న భూతద్దం తీసేశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇదేంటండీ..." అన్నాడు నెమ్మదిగా. "ఇందాక ఇంతకంటే జోరుగా కురుస్తోంది. ఆవిడ తడిసి ముద్దయిపోయారు. మీ మీద మాత్రం ఒక్క చుక్క పడలేదే..."