గస్తీ లేని దిక్కు

శనివారం సాయంత్రం ఆరయ్యేసరికి మా ఆయన టీ గ్లాసు పట్టుకుని ముందుగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేవారు. లోపల ఆయనతోపాటు ఉండేది ఆయన మొదటి భార్య. ఆవిడ పోయి అప్పటికి మూడేళ్లయింది.

నవ్వకండి. నాకైతే నవ్వు రాలేదు.

ఆ గదిలో పెద్ద బల్ల, దాని మీద పసిఫిక్ మహాసముద్రం పటం. పటం నిండా వేలిగోరంత అట్టబిళ్లలు. ఒక్కో బిళ్ల ఒక్కో ఓడ, లేదా ఒక విమానాల దండు. అది ఇద్దరాడే యుద్ధం ఆట. ఆ వారం తన ఓడలు ఎటు పోవాలో, తన విమానాలు ఏ దిక్కున గస్తీ తిరగాలో ఒకరికి తెలియకుండా ఒకరు కాగితం మీద రాసుకోవాలి. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి బిళ్లలు జరపాలి. గస్తీ ఉన్న దిక్కున వచ్చే శత్రువు కనిపిస్తాడు. లేని దిక్కున వచ్చేవాడు నెత్తిన పడేదాకా తెలియదు. విమానాలు ఎప్పుడూ చాలవు కాబట్టి ఏదో ఒక దిక్కు వదిలెయ్యక తప్పదు. వదిలేసిన దిక్కుకి ఎదురుగా "విశ్రాంతి" అని రాస్తారు.

తను లేకపోయినా ఆట ఆగకూడదని, ఆస్పత్రి మంచం మీది నుంచే ఆవిడ రాబోయే వారాలన్నిటికీ తన ఎత్తులు ఒక నోటుబుక్కులో పెన్సిలుతో రాసిపెట్టి పోయిందట. పేజీ పేజీకీ మడత, మడతకో పిన్ను. ఈయన వారానికొకటి విప్పుతారు.

"మీరేం చేస్తారో చూడకుండా ముందే ఎలా రాసింది?" అని అడిగాను పెళ్లయిన కొత్తలో.

"నేనేం చేస్తానో తనకి తెలుసు" అన్నారు.

ఒళ్లు మండిపోయింది. పద్నాలుగు నెలల కాపురంలో ఈయన టీలో ఎన్ని చెంచాల చక్కెరో కూడా నాకు ఇప్పటికీ ఒక్కోసారి తప్పుతుంది.

మనిషి మంచివారే. నీటి సరఫరా ఆఫీసులో గొట్టాల పటాలు గీస్తారు. ఒక మాట తూలరు. "ఆట అయిపోగానే బల్ల తీసేస్తాను" అని నాకు మాటిచ్చారు కూడా. కానీ నోటుబుక్కులో ఇంకా పదకొండు మడతలున్నాయి. అంటే ఇంకో పదకొండు వారాలు ఆవిడ నా ఇంట్లో కాపురం చేస్తుందన్నమాట. నేనేం గొంతెమ్మ కోరికలు కోరలేదు. శనివారం సాయంత్రం నా మొగుడు నాకు కావాలి, అంతే.

కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే పని నాది. చేతికి సన్నపని అలవాటే. ఒక బుధవారం పెందలాడే ఇంటికొచ్చి, షాపు పట్టకారుతో పిన్ను లాగి, రాబోయే వారం మడత విప్పాను. మూడు విమాన వాహక నౌకలు, వాటి వెనకే చమురు ఓడలు, దక్షిణం నుంచి. చమురు అందకపోతే ఎంత పెద్ద నౌకయినా నడిసముద్రంలో తెల్లమొహం వేసుకుని నిలబడాల్సిందేనని ఈయన చెప్పగా విన్నాను. చమురు ఓడల వరుస ఒక్కటీ రబ్బరుతో చెరిపి, అచ్చం ఆవిడ చేతిరాతలాగే "చమురు ఓడలు వెనక్కి" అని దిద్దాను. పిన్ను మళ్లీ అదే కన్నంలో గుచ్చాను. అది చచ్చి సాధిస్తుంటే నేను బతికుండి చూస్తూ కూర్చోవాలా?

శనివారం ఆయన ఆ పేజీ విప్పి చాలాసేపు చూశారు. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. రెండు నౌకలు మునిగాయి. మూడోది చమురు అయిపోయి ఉన్నచోటే ఆగిపోయింది. గెలుస్తున్న మనిషి మొహంలా లేదు ఆయన మొహం.

"తను చమురు మరిచిపోయే మనిషి కాదే" అని గొణుక్కున్నారు.

నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పొద్దున బల్ల తుడవబోతే మూడో నౌక బిళ్ల పటం మీద లేదు. ముందుగది గడప దగ్గర నేల మీద దొరికింది. తీసుకెళ్లి దాని చోట పెట్టాను. సోమవారం నడవలో, చెప్పుల స్టాండు పక్కన. మంగళవారం వంటగది గుమ్మం ముందు. ఎప్పుడు చూసినా బిళ్ల మీది ఓడబొమ్మ మూతి మా పడకగది వైపే. బిళ్ల ఉన్న చోట గచ్చు అరచెయ్యంత మేర తడిసి ఉండేది... ఫినాయిలు వాసన. మా ఇంట్లో ఫినాయిలు వాడం.

ముందు నాకు వేసింది భయం కాదు. కడుపుమంట. ఈయనే ఆ బిళ్లని జేబులో పెట్టుకుని ఇల్లంతా తిప్పుతున్నారనుకున్నాను.

బుధవారం అది పడకగది గుమ్మంలోనే దొరికింది. తీసుకెళ్లి ఆయన మొహం ముందు పెట్టాను.

"మీరేగా?"

"నేనెందుకు తీస్తాను?"

"ఆవిడంటే అంత ఇదైతే నన్నెందుకు కట్టుకున్నారు?"

నేనిక ఆగలేకపోయాను. చెరిపింది నేనేనని, దిద్దింది నేనేనని మొత్తం కక్కేశాను.

"తెలుసు" అన్నారు నెమ్మదిగా. "తర్వాతి పేజీ విప్పు."

పిన్ను తుప్పు పట్టి మడతకి అతుక్కుపోయి ఉంది. దాన్ని ఎవరూ ముట్టలేదు. మూడేళ్లనాటి పెన్సిలు రాత, వెలిసిపోయి... ఒక్కటే వరుస.

"చమురు ఓడల్ని వెనక్కి పంపింది నువ్వేగా చెల్లీ. ఫర్వాలేదు. నడిచొస్తాను."

నోటుబుక్కు బల్ల మీద పడేశాను.

"ఏవండీ, గస్తీ పెట్టండి" అని ఆయన చెయ్యి పట్టుకున్నాను. "ఇంటికి పెట్టండి. అన్ని వైపులా పెట్టండి."

ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. నా తల నిమిరి, కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టారు. మంచినీళ్లు తెమ్మన్నారు. నేను వచ్చేసరికి కాగితం మడిచి బల్ల మీద పెట్టేశారు.

"పెట్టాను. ఇక నిశ్చింతగా ఉండు."

తలనొప్పిగా ఉందని పెందలాడే వెళ్లి పడుకున్నారు.

నేను గిన్నెలు కడుగుతున్నాను. ఎనిమిది కూడా కాలేదు. నడవలో ఏదో చప్పుడు... తడికాళ్లతో నడుస్తున్న చప్పుడు. ఒక అడుగు. ఆగింది. ఇంకో అడుగు. కుళాయి కట్టేశాను. ఫినాయిలు వాసన గుప్పుమంది. అడుగులు నా వెనకనుంచే, వంటగది దాటి, పడకగది వైపు వెళ్లాయి.

వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. అవి దూరమయ్యాక ముందుగదిలోకి పరుగెత్తాను. గస్తీ పెట్టారుగా... పెట్టానన్నారుగా... ఆయన కాగితం విప్పాను.

వీధి గుమ్మం: గస్తీ.
పెరటి గుమ్మం: గస్తీ.
కిటికీలు: గస్తీ.
నడవ నుంచి పడకగదికి: విశ్రాంతి.

ఆయన ముత్యాల్లాంటి రాతే. తొందరేమీ లేనట్టు, ఆ చివరి మాట కింద స్కేలు పెట్టి గీత కూడా గీశారు.

పడకగదిలో మంచం కిర్రుమంది. ఎవరికో చోటివ్వడానికి ఆయన పక్కకి జరిగారు.

"వచ్చావా" అన్నారు. పద్నాలుగు నెలల్లో నన్నెప్పుడూ అంత మెత్తగా అడగలేదు.

నేను కాగితం పట్టుకుని ముందుగదిలోనే నిలబడి ఉన్నాను.

మంచం ఇంకోసారి కిర్రుమంది.