టాస్ గెలిచి వదులుకున్న బ్యాట్

డెనిస్ గాఫ్నీ పేరు మంగళవారం పేపర్లో పడింది. బుధవారం పొద్దున్న పదింటికల్లా అతని భార్య హొనోరా ఆ పేపరు చేత్తో నలుపుకుంటూ ప్రైవేటు డిటెక్టివ్ కార్నీలియస్ ప్రాట్ ఆఫీసు మెట్లెక్కింది. తలుపు తీసింది ప్రాట్ సహాయకుడు ఓటో రీబర్. ఓటోకి బేస్‌బాల్ పిచ్చి. 1879 వేసవిలో వీలింగ్ ఊళ్ళో ఐలండ్ క్లబ్ ఆడిన ఒక్క ఆటా వదల్లేదు. అందుకే ఆవిడెవరో తెలియగానే అతను మొహం గంటు పెట్టుకున్నాడు. మూడో బేస్ దగ్గర నిలబడి ఆఖరి వారంలో ఏడు బంతులు జారవిడిచి, కప్పు పోగొట్టిన మహానుభావుడి భార్య మరి.

"అయ్యా, మా ఆయన్ని ఆటలోంచి వెలేశారు," అంది హొనోరా. "జన్మంతా ఏ ఊళ్ళోనూ ఏ జట్టూ చేర్చుకోకూడదట, గ్రౌండు గేటు కూడా దాటనివ్వరట. పందెంగాళ్ళ దగ్గర లంచం తిని కావాలనే ఓడించాడట."

"తిన్నాడా?" అడిగాడు ప్రాట్.

"తింటే ఇలాంటి బూట్లేసుకుని వస్తానా?"

కాలు ముందుకు చాపింది. బూటు ముందు భాగం నోరు తెరుచుకుని ఉంది. ప్రాట్ దాన్ని చూసి, కుర్చీ చూపించాడు.

ఆమె పేపరు విప్పి చదివింది. కెప్టెన్ హాల్‌స్టెడ్ క్లబ్బు వారికి రాసిచ్చిన మాట అందులో ఉంది: గాఫ్నీ చేతులు నిక్షేపంగా ఉన్నాయి, బంతులు కావాలనే వదిలేశాడు. పైగా డెనిస్‌కి రెండు టెలిగ్రాములొచ్చాయి. చూపించమంటే చూపించనన్నాడు. దాంతో దొంగేనని తేల్చేశారు.

"నాక్కూడా చూపించలేదయ్యా. మూడు రోజులైంది, నోట్లోంచి మాట లేదు. వెళ్ళి నది వంతెన మీద నిలబడి నీళ్ళలోకి చూస్తున్నాడు. నాకు భయంగా ఉంది."

ప్రాట్ ఓటో వైపు తిరిగాడు. "ఆఖరి వారం ఆటలు చూశావుగా, చెప్పు."

"ఐదు ఆటలు సార్. రెండు గెలిచాం, మూడు ఓడాం. ఓడిన మూడింట్లోనూ బంతి వరసగా గాఫ్నీ మీదికే వెళ్ళింది. గెలిచిన రెండింట్లో అటు చూస్తే ఒట్టు. దానికి తోడు ఆ వారం మన కెప్టెన్‌కి మతి పోయింది. మూడుసార్లు టాస్ గెలిచాడు, మూడుసార్లూ ఎదుటివాళ్ళకి బ్యాటిచ్చాడు! ఆటంతటికీ ఒకటే బంతి కదా సార్. మొదట్లో రాయిలా ఉండి కొడితే కంచె దాకా పోతుంది, సాయంత్రానికి ఉడికిన బంగాళాదుంపే. టాస్ గెలిచాక బ్యాట్ వదులుకునేవాడు ఎక్కడైనా ఉంటాడా? ఆయన మళ్ళీ గుర్రపు జీన్లు కుట్టుకోవడానికి పోతే మంచిది."

"జీన్లు కుట్టేవాడా?"

"ఆటలోకి రాకముందు అదే పని. ఇప్పటికీ మొహానికి పెట్టుకునే జాలీకి పట్టీలు తనే కుట్టుకుంటాడు. మన జట్టులో బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ కూడా ఆయనే కదా, బంతి ఎక్కడ వెయ్యాలో పిచ్చర్‌కి సైగ చేసేదీ ఆయనే."

ప్రాట్ టోపీ అందుకున్నాడు.

డెనిస్ ఇంట్లో సూపు తాగుతున్నాడు, ఎడమ చేత్తో. కుడి చెయ్యి కోటు జేబులో ఉంది. ప్రాట్ చెయ్యి చాపితే ఎడమ చెయ్యే అందించాడు.

"ఆ రెండో చెయ్యి చూపించండి గాఫ్నీ గారూ."

డెనిస్ భార్య వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, చివరికి చెయ్యి బయటికి తీశాడు. చూపుడువేలు వంకాయలా వాచి ఉంది. దాని మీద తొడుక్కునే సన్నటి తోలు తొడుగు జేబులోంచి జారి బల్ల మీద పడింది. దాన్ని ప్రాట్ అటూ ఇటూ తిప్పి కుట్టు చూశాడు.

"ఇదెవరు కుట్టారు?"

"నా మేలు కోరినవాళ్ళు. పేరు చెప్పను, మాటిచ్చాను."

"టెలిగ్రాములు?"

"పిట్స్‌బర్గ్‌లో ఎముకల డాక్టరు ఇచ్చినవి. వేలు కీలు పోయిందన్నాడు, ఇక బంతి ఆగదన్నాడు." డెనిస్ సూపు గిన్నె పక్కకి నెట్టాడు. "ప్రాట్ గారూ, వెలి ఇవాళ కాకపోతే రేపు ఎత్తేస్తారు. వేలు మళ్ళీ వస్తుందా? పోయిందని పదిమందికీ తెలిస్తే నన్నెవడు పిలుస్తాడు? దొంగని కాననిపించుకోవడానికి చేతకానివాణ్ణని ఒప్పుకోవాలా?"

హొనోరా ఆ వేలు వంకే చూస్తూ, "నెలనించీ నీ కోటు గుండీలు నేనే పెడుతున్నా కదా, నాకు తెలియలేదే," అని ఏడ్చేసింది. ఏడుస్తూనే అతని భుజం పట్టుకుని కుదిపింది. "క్లబ్బు వాళ్ళకి చూపించు డెనిస్. దొంగ పెళ్ళాన్నని పిలిపించుకోలేను నేను."

డెనిస్ తలూపాడు. అప్పటిదాకా అతని మీద పళ్ళు నూరిన ఓటో తలెత్తలేకపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం క్లబ్బు ఆఫీసులో ప్రాట్ అందరినీ కూర్చోబెట్టాడు. ప్రెసిడెంటు కర్నల్ ట్విచెల్ చుట్ట వెలిగించుకున్నాడు. కెప్టెన్ హాల్‌స్టెడ్ కాలు మీద కాలేసుకున్నాడు. డెనిస్, హొనోరా గోడవార బెంచీ మీద ఒదిగి కూర్చున్నారు.

"గాఫ్నీ బంతులు వదిలిన మాట నిజం," మొదలుపెట్టాడు ప్రాట్. "వదలక ఏం చేస్తాడు?"

డెనిస్ లేచి, వాచిన వేలినీ రెండు టెలిగ్రాములనీ బల్ల మీద పెట్టాడు. కర్నల్ చదివాడు.

"ఈ సంగతి భార్యకి కూడా తెలియదు. తెలిసింది ఒక్కడికి." ప్రాట్ తోలు తొడుగునీ, గోడకి వేలాడుతున్న కెప్టెన్ జాలీనీ పక్కపక్కన పెట్టాడు. "రెండు సూదులతో రెండు వైపులా ఒకేలా పడే కుట్టు. అదే మైనం పట్టించిన పసుపు దారం. జీన్లు కుట్టేవాడి చేతివాటం. వేలు పోయిందని తెలిసి తొడుగు కుట్టిచ్చిన మనిషి, చేతులు నిక్షేపంగా ఉన్నాయని మీకెందుకు రాసిచ్చాడు కర్నల్ గారూ?"

హాల్‌స్టెడ్ కాలు కిందికి దించాడు. "జాలిపడి కుట్టిచ్చాను. అదీ తప్పేనా?"

"టాస్ గెలిచి మూడుసార్లు బ్యాట్ వదులుకున్నది కూడా జాలేనా? మీరు ఫీల్డింగ్ అనగానే మీకు లంచమిచ్చి స్టాండులో కూర్చున్న పందెంగాళ్ళకి అర్థమైపోయేది, ఇవాళ ఓడతారని. టాస్ ఓడిన రోజు సైగ చెయ్యడం మీ చేతిలో లేదు, అందుకని ఆ రెండు ఆటలూ నిజాయితీగా ఆడి గెలిచారు. ఓడాల్సిన రోజు కొట్టిన బంతి మూడో బేస్ వైపే పోయేలా వెయ్యమని పిచ్చర్‌కి సైగ చేశారు. మిగతాది ఆ పాడైన వేలు చూసుకుంది."

"కెప్టెన్!" డెనిస్ గొంతు పిల్లాడి గొంతులా వచ్చింది. "రెస్టు తీసుకుంటానంటే వద్దన్నావు. నేనున్నానురా, నీ వైపు బంతి రానివ్వనన్నావు కదా!"

హాల్‌స్టెడ్ వాడిపోయిన మొహంతో జాలీ వంకే చూశాడు. "నువ్వెలాగూ వదిలేస్తావురా," అన్నాడు చివరికి. "నేను అటు పంపించానంతే."

కర్నల్ చుట్ట ఆర్పి, హాల్‌స్టెడ్‌ని కూడా జన్మంతా వెలి వేస్తున్నట్టు అక్కడికక్కడే కాగితం రాశాడు. ఓటోకి చప్పట్లు కొట్టాలనిపించింది.

"మరి మా ఆయన పేరు?" అడిగింది హొనోరా.

"అది అలాగే ఉంటుందమ్మా," అన్నాడు కర్నల్.

"దేనికి?"

"వేలు పోయిందని తెలిసి మైదానంలో నిలబడ్డాడు. అది మాత్రం దగా కాదా? పైగా అన్ని ఊళ్ళకీ టెలిగ్రాం కొట్టేశాం. ఇప్పుడొకడి సంగతి పొరపాటంటే రెండోవాడి సంగతి ఎవడు నమ్ముతాడు? జనం గేటు వైపు రావడమే మానేస్తారు. అయినా ఆ వేలితో ఇతనికి ఆటతో ఏం పని?"

"చూపించమన్నారు, చూపించాడు!" హొనోరా లేచి నిలబడింది. "ఉన్న ఒక్క గుట్టూ మీ బల్ల మీద పెట్టాడు. దానికిదా?"

ఓటో ప్రాట్ వైపు చూశాడు. ఈయన దగ్గర ఇంకో మాట ఉంటుంది, ఎప్పుడూ ఉంటుంది. ప్రాట్ వాదించాడు, బతిమాలాడు, ఆఖరికి పేపరుకెక్కిస్తానని బెదిరించాడు కూడా. కర్నల్ నవ్వి, ఆ పేపరు తన బావమరిదిదేనన్నాడు. ప్రాట్ టోపీ తీసుకుని, పెట్టుకోవడం మరిచిపోయి, చేత్తోనే పట్టుకుని మెట్లు దిగాడు. అంత గొప్ప మనిషిని అలా చూడడం ఓటోకి ఎంతో కష్టమనిపించింది.

డెనిస్ మేకుల ఫ్యాక్టరీలో బండి తోసే పనికి కుదిరాడు.

ఏప్రిల్లో మొదటి ఆట నాడు ఓటో గ్రౌండుకి వెళ్ళాడు. గేటు పక్క పలక మీద రానివ్వకూడని వాళ్ళ పేర్లు రెండు ఒకే సైజు అక్షరాల్లో రాసి ఉన్నాయి. డెనిస్ చెక్క కంచె అవతల, లోపలి గోల చెవికి ఆనేంత దగ్గరగా నిలబడి ఉన్నాడు. టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. ఓటో టికెట్టు చేతిలోనే నలిపేసి, లోపలికి వెళ్ళకుండా కంచె సందులోంచి తొంగి చూశాడు.

"టాస్ ఎవరు గెలిచారు?" అడిగాడు డెనిస్.

"మనవాళ్ళే."

"ఏం తీసుకున్నారు?"

"బ్యాట్."

"మంచిది," అన్నాడు డెనిస్. లోపల కొత్త బంతి మీద మొదటి దెబ్బ ఫట్‌మని పడింది. జేబులో ఉన్న అతని కుడి చెయ్యి పట్టుకోవడానికన్నట్టు దానంతటదే పైకి లేచింది.