పచ్చిమట్టి కొండలు

1999 జూన్. యాప్రాల్‌లోని సేఫ్ హౌస్‌లో చీఫ్ గోపాలరావు కళ్లెత్తి చూడలేదు.

"ఇద్దరు ఏజెంట్లు పోయారు, రఘునందన్. నువ్వు వెళ్లినా ఆశ లేదు. అయినా వెళ్లు."

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ఉత్తర సరిహద్దులో ఏ మ్యాపుకూ సరిగా అందని పర్వతశ్రేణి. అక్కడ చిక్కుకున్న తొమ్మిదిమంది జవాన్లు సాయంత్రం ఆరింటికి ఒకే ఒక్క కనుమ గుండా దిగాలి. ఆ కనుమను చూపే మట్టి నమూనా శామీర్‌పేటలో, కుమ్మరి ఓదెలు షెడ్డులో ఉంది. శత్రువుల ముఠా దాన్ని ఫొటో తీసిందా, కనుమ దగ్గర తుపాకులు కాపు కాస్తాయి.

"ఆ తొమ్మిదిమందిలో ఓదెలు కొడుకు రమేష్ ఒకడు. ఆయనకు తెలియదు. చెప్పకు."

రఘునందన్ కరెంటు మీటర్ రీడర్ వేషంలో షెడ్డుకు చేరాడు. పొద్దున్నే కాపలాకు వచ్చిన ఏజెంట్ స్రవంతి నల్లకళ్లద్దాలు సర్దుకుని నవ్వింది.

"కూజాలున్నాయా?" కోడ్‌వర్డ్ అడిగాడు.

జవాబుగా పిస్టల్ తీసింది. ఖర్మ! ఆ ఇద్దరినీ మింగింది మన మనిషేనన్నమాట.

మత్తుసూది పెన్ను నొక్కాడు. సిరా కారింది. మన డిపార్టుమెంటు సరుకు అంతే మరి!

"పాపం," అంటూ ఆమె లిప్‌స్టిక్ తిప్పింది. అది శాటిలైట్ కెమెరా. "ఒక్క నిమిషం. సిగ్నల్ రాగానే క్లిక్."

నులకమంచమంత నమూనా. శిఖరాలు, హిమనదాలు, గోటితో గీసినట్టు సన్నటి కనుమ. రఘునందన్ ఆర్డరును గంగలో కలిపేశాడు.

"ఓదెలూ! మీ అబ్బాయి ఈ కొండల్లోనే ఉన్నాడు. ఫొటో వెళితే ప్రాణాలతో దిగడు!"

మూలనున్న ముసలాయన లేచాడు. "మా రమేషా? గింతసేపు చెప్పలేదేంది సారూ!"

"కదిలితే చంపేస్తా," అంది స్రవంతి. "బట్టీలో కాలి రాయైన కొండను ఏం చేస్తావు తాతా?"

"ఏడ కాలినయమ్మా? మీ సార్లు దినాం ఒక గుట్ట మారుస్తరు. ఇగ బట్టీల ఎప్పుడు పెట్టాలె?"

ఓదెలు నీళ్ల గోళెం తన్ని, కొండల మీదికి దూకాడు. కుండల మన్ను తొక్కినట్టే తొక్కాడు. పిస్టల్ పేలి భుజం చీలింది. కాళ్లు ఆగలేదు. క్లిక్! శత్రువులకు చేరింది బురద. రఘునందన్ స్రవంతి చెయ్యి మెలిపెట్టి పిస్టల్ లాక్కున్నాడు.

ఆరున్నరకు చీఫ్ ఫోన్ చేశాడు.

"కనుమ దగ్గర ఎవరూ లేరు. తొమ్మిదిమందీ దిగారు. సోమవారం వాళ్లను మళ్లీ ఎక్కిస్తున్నారు. నమూనా మళ్లీ కావాలట."

రఘునందన్‌కు ఏడుపొచ్చింది. అయినా ఈసారి దాచకుండా ఆ మాట ముసలాయనకు చెప్పేశాడు. భుజానికి కట్టుతో ఓదెలు ఒంటిచేత్తో బురద పిసుకుతూ అంతా విన్నాడు.

"చేస్త సారూ. గీసారి గుట్టలు జెర పొట్టిగ జేస్త. ఎక్కేది మా పోరడే గద."