చల్లగాలి ఊదే పవర్ సప్లై

డిపార్ట్‌మెంట్ వేగు పింటూని ముంబై ఫాక్‌లాండ్ రోడ్డులో పట్టపగలు, టీ తాగుతుండగా చంపారు. వెనక నుంచి విషం పూసిన గొడుగు మొనతో చిన్న పోటు, అంతే. జనం గుండెపోటనుకున్నారు. అతని చొక్కా కాలర్ మడతలో దొరికిన చీటీలో రెండే ముక్కలున్నాయి: శుక్రవారం 5.10కి ఫోరస్ రోడ్ రాక్. తాళంచెవి ఉన్న ఆడమనిషి వాళ్ల మనిషి.

ఆ రోజే శుక్రవారం. టైము మూడున్నర. దాదర్‌లో ఒక టైలర్ షాపు వెనక గదిలో చీఫ్ ఆ చీటీని ఏజెంట్ మంగేష్ ముందుకు తోశాడు.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది. ఫోరస్ రోడ్డు పక్క వరసగదుల అద్దె మేడ, పాత చాల్‌లో, రెండో అంతస్తులో ఒక తాళం వేసిన గది. అందులో రాక్, అంటే యంత్రాలు పేర్చే ఇనుప అర; రాక్‌లో ఒక నెట్‌వర్క్ స్విచ్. తీరం వెంబడి ఉన్న నిఘా కెమెరాల బొమ్మలన్నీ దాని మీదుగానే పోతాయి. ఎవరూ వెతకని చోటని డిపార్ట్‌మెంట్ ఏరికోరి అక్కడ పెట్టింది. స్విచ్‌కి రెండు పవర్ సప్లైలు. ఒకటి ఫోరస్ రోడ్ లైన్ నుంచి, రెండోది ఫాక్‌లాండ్ రోడ్ లైన్ నుంచి కరెంటు తీసుకుంటాయి. ఒకటి పోతే మొత్తం బరువు రెండోది మోస్తుంది, స్విచ్‌కి ఆ సంగతే తెలియదు. రెండూ పోతే మాత్రం మళ్లీ లేవడానికి ఏడు నిమిషాలు పడుతుంది. పేలుడు పదార్థాలతో సముద్రంలో ఎక్కడో కాచుకున్న పడవకి ఆ ఏడు నిమిషాలు చాలు.

"రెండూ ఒకేసారి ఎలా పోతాయి సార్?"

"అది కనుక్కోడానికేగా నీకు జీతం."

తాళంచెవులున్న ఆడవాళ్లు ఇద్దరే. ఒకరు ప్రణాలి. రెండేళ్లుగా శత్రు ముఠాలో మన తరఫున పనిచేస్తున్న ఏజెంట్, పైకి సర్వీస్ ఇంజనీర్. ఆమె పేరెత్తగానే చీఫ్ గొంతు మెత్తబడింది. డిపార్ట్‌మెంట్లో మగవాళ్లందరికీ ఆ జబ్బుంది. రెండో మనిషి గది ఊడ్చే తారాబాయి. చీఫ్ సీసీటీవీ ఫుటేజీ చూపించాడు. రోజూ మధ్యాహ్నం ఆమె గుడ్డమూటతో రాక్ వెనక్కి వెళ్తుంది, ఖాళీ చేతులతో వస్తుంది. సాయంత్రం మళ్లీ వెళ్లి మూట తెచ్చుకుంటుంది. ఐదింటికల్లా ఆమెకి బేడీలు పడాలన్నాడు చీఫ్.

మంగేష్ పుట్టింది ఆ చాల్‌లోనే. తల్లి ఆసుపత్రిలో ఉన్న మూడు నెలలూ తారాబాయి ఇంట్లోనే తిన్నాడు. ఆమె కాకూడదని మనసారా కోరుకున్నాడు. అలా కోరుకుంటున్నందుకు తన మీద తనకే అనుమానం వేసింది.

నాలుగున్నరకి పెట్టుడు మీసం, స్కానర్ కళ్లజోడు, ఏసీ మెకానిక్ యూనిఫాంతో మెట్లెక్కాడు. తారాబాయి చీపురు ఆపి చూసింది.

"భూమయ్య కొడుకువు కాదుర నువ్వు? మీసం ఓ దిక్కు లేస్తున్నది, చూస్కో."

ప్రభుత్వం వారి మేకప్ విభాగం ముచ్చట అక్కడితో ముగిసింది. అతను మీసం జేబులో పెట్టుకుని గదంతా గాలించాడు. బాంబు లేదు, దొంగ వైర్లు లేవు. రెండు పవర్ సప్లైల మీదా పచ్చ లైట్లు, స్క్రీన్ మీద రెండింటికీ 'ఓకే'. రాక్ వెనక్కి వెళ్లబోతే తారాబాయి అడ్డం నిలబడింది. చెమటలు పడుతున్నాయామెకి.

సరిగ్గా అప్పుడే ప్రణాలి వచ్చింది. తెల్ల రెయిన్‌కోటు, అత్తరు వాసన.

"వాన తగ్గిందా?" అనడిగింది.

"దాదర్‌లో తగ్గింది," అన్నాడు. కోడ్ సరిపోయింది.

ఆమె అతని చెవి దగ్గర గుసగుసగా చెప్పింది, మూట సంగతి తనకీ తెలుసని, ముసలామెని వెంటనే తీసుకుపొమ్మని, గది తను చూసుకుంటానని. అన్నీ అతికినట్టు సరిపోయాయి. మంగేష్‌కి నచ్చనిది అదే. పన్నెండేళ్ల సర్వీసులో ఏ కేసూ అంత సులువుగా అతని చేతిలో వచ్చి పడలేదు.

"అత్తా, ఆ మూటల ఏమున్నది?"

తారాబాయి తల వంచుకుని రాక్ వెనక నుంచి మూట తెచ్చి విప్పింది. మినప అప్పడాలు.

"పదిహేను రోజుల సంది ఎండ లేదు బిడ్డా. ఈ డబ్బాల ఎనక వేడి గాలి వస్తది. తప్పే. నౌకరీ తియ్యకుండ్రి."

ప్రణాలి నవ్వింది. మంగేష్ నవ్వలేదు. అప్పడాల్లో సగం గలగలమంటున్నాయి, సగం తడి గుడ్డలా వేలాడుతున్నాయి. కారణం అడిగాడు.

"ఆ పక్కవి ఎండుతలేవు. మంగళారం ఈ మేడం కొత్త డబ్బా పెట్టినకాడ నుంచి దాంట్ల చల్ల గాలే వస్తున్నది."

మంగేష్ వెనక్కి వెళ్లి చెయ్యి పెట్టాడు. మొదటి పవర్ సప్లై గాలి కాలుతోంది. రెండోదాని గాలి చల్లగా ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది, పచ్చ లైటు వెలుగుతోంది, బాగున్నానని స్క్రీన్‌కి కబురూ పెడుతోంది. కరెంటు మాత్రం చుక్క ఇవ్వడం లేదు. బరువంతా మొదటిదే మోస్తోంది. 5.10కి ముఠా వాళ్లు బయట ఫోరస్ రోడ్ లైన్ తెంపితే చాలు, అంతా చీకటే.

తిరిగి చూసేసరికి ప్రణాలి చేతిలో లిప్‌స్టిక్ ఉంది. దాని మొన అతని నుదుటికి గురిపెట్టి ఉంది. టైము 5.04.

"పాతది ఎక్కడ?" అనడిగాడు.

"భంగార్‌లో. మంగళవారమే పాత ఇనుము వాడికి పోయింది."

"పోలే," అంది తారాబాయి. "ఇయ్యమన్నరు గానీ నేను ఇయ్యలే. మంచి బరువున్నది. నిమ్మకాయ తొక్కు జాడీ మీద పెట్టిన."

ప్రణాలి తల అరక్షణం అటు తిరిగింది. ఆ అరక్షణంలో మంగేష్ విసిరిన అప్పడాల గుడ్డ ఆమె మొహం మీద పడింది. లిప్‌స్టిక్ పేలి పైకప్పు పెచ్చు రాలింది. మంగేష్ ఆమె చెయ్యి మెలిపెట్టి, తారాబాయి కోసం తెచ్చిన బేడీలతో కిటికీ ఊచకి బిగించాడు. అవి ఎవరి కోసం తెచ్చాడో తలచుకుంటే సిగ్గేసింది.

తారాబాయి మూడిళ్లవతలున్న తన గదికి పరుగెత్తి, 5.08కి పవర్ సప్లై చంకన పెట్టుకుని వచ్చింది. పైన దుమ్ము, అడుగున కారం మరక. మంగేష్ దాన్ని చొక్కాతో తుడిచాడు. దొంగదాన్ని లాగేశాడు, అసలుదాన్ని తోశాడు, 'టక్'మంది. ఫాక్‌లాండ్ రోడ్ లైన్ ప్లగ్ గుచ్చాడు. పచ్చ లైటు వెలిగింది. ఇంతసేపు మోసం చేసిందీ ఆ లైటే కాబట్టి అతను నమ్మలేదు, చెయ్యి పెట్టి చూస్తున్నాడు.

5.10. వరండాలో బల్బులు ఆరిపోయాయి. మొదటి పవర్ సప్లై ఫ్యాన్ మూలిగి ఆగింది. రెండోదాని ఫ్యాన్ ఒక్కసారి జోరందుకుంది. స్విచ్ మీద లైట్లన్నీ ఎప్పటిలాగే మిణుకుమంటున్నాయి. అరచేతికి మెల్లగా వెచ్చటి గాలి తగిలింది.

"నా నౌకరీ ఉంటదా?" అనడిగింది తారాబాయి. మంగేష్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఇరవై నిమిషాల తర్వాత పడవ దొరికింది, కెమెరాల సాక్షిగా. సోమవారం ఆ గది తలుపు మీద చీఫ్ సంతకంతో నోటీసు పడింది: లోపలికి తినుబండారాలు తేరాదు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం: అప్పడాలకు ఇది వర్తించదు, కానీ రెండు పవర్ సప్లైల వెనకా సమానంగా ఆరబెట్టి, ఏ పక్కవైనా మెత్తగానే ఉంటే ఆ సంగతి వెంటనే హెడ్ ఆఫీసుకు తెలియజేయవలెను.