దారం లేని చెయ్యి

మార్చి నాలుగు. ఉదయం 7:40. బల్గేరియా రాజధాని సోఫియా.

ప్రభుత్వ పత్రిక ఆఫీసు డార్క్‌రూమ్‌లో ఫోటోగ్రాఫర్ మించెవ్ శవం. తల వెనక గాయం. పక్కనే రక్తం అంటిన ట్రైపాడ్. చావు నిన్న సాయంత్రం ఆరుకి అటూఇటూ అన్నాడు డాక్టర్.

ఆ వేళకి ఆ అంతస్తులో ఉన్నట్టు తేలింది ఒక్కరే. ఫోటోలకు మెరుగులు దిద్దే స్నెజీనా.

పైగా ఈ పిల్ల మొన్న రొట్టెల క్యూలో "పెద్దాయన పోయాడేమో" అని నోరు జారింది. ఇరవై ఆరేళ్లుగా దేశాన్నేలుతున్న పెద్దాయన నలభై రోజులుగా ఎవరికీ కనపడలేదు మరి! గుసగుసలాడింది ఊరంతా. దొరికింది ఈమె. ఇక ఉరే.

"నువ్వే చంపావా?" పోలీసు కెప్టెన్ రషేవ్ అడిగాడు.

"మించెవ్ మామయ్యనా? నాకు పని నేర్పిన మనిషండీ!"

"ఏమైనా విన్నావా?"

"'చచ్చినా దీని కింద నా పేరు వెయ్యనివ్వను' అని అరిచాడు. ఎవరి మీదో తెలీదు. భయమేసి తలుపు తియ్యలేదు." ఆమె ఏడ్చేసింది.

పదకొండింటికి ఎడిటర్ వర్బెవ్ వచ్చాడు. ఆనాటి పేపర్ బల్ల మీద పరిచాడు. మొదటి పేజీలో పెద్దాయన, చుట్టూ ఎనిమిది మంది. కింద, 'నిన్న సాయంత్రం తీసిన ఫోటో'.

"ఐదు నుంచి ఏడు దాకా ఆయన దగ్గరే ఉన్నా. ఇదిగో, ఈ చివర నేనే. ఇంకేం సాక్ష్యం కావాలయ్యా?"

రషేవ్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"మీ చేతికి ఆ దారం ఎవరు కట్టారు?"

వర్బెవ్ మణికట్టు మీది ఎర్ర-తెల్ల దారం చూసుకున్నాడు. "మా మనవరాలు. మార్చి ఒకటిన. వసంతంలో తొలి కొంగ కనపడేదాకా విప్పితే ఊరుకుంటుందా?"

"మరి నిన్నటి ఫోటోలో ఏదీ?"

వర్బెవ్ చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

"మార్చి ఒకటిన దేశమంతా కట్టుకునే దారం. మీకే కాదు, తొమ్మిది మందిలో ఒక్కరికీ లేదు. పెద్దాయనకైతే ఏటా బడిపిల్లలు వరసకట్టి కడతారు. ఇది పాత ఫోటో. నిన్నటిదని వెయ్యడానికి మించెవ్ ఒప్పుకోలేదు. ట్రైపాడ్ ఎత్తింది మీరు."

వర్బెవ్ నవ్వాడు. "రాసుకో. మరి పెద్దాయన నిన్న ఎక్కడున్నాడో కూడా రాయి! కుర్చీ ఎవరిదో తేలేదాకా ఆయన బతికే ఉండాలి, కెప్టెన్."

11:25. పైనుంచి ఫోన్ వచ్చింది. రషేవ్ విన్నాడు. మూడుసార్లు "అలాగేనండి" అన్నాడు. మించెవ్ కాలుజారి పడ్డాడట. స్నెజీనాని వదిలేస్తారట. సాయంత్రం పేపర్‌కి ఆ ఫోటోలో దారాలు గీసిపెడితే.

"సిగ్గుగా ఉందమ్మా," అన్నాడు రషేవ్.

ఆమె కుంచె అందుకుంది.

1:15కి ఫోటో తెచ్చి ఇచ్చింది. రషేవ్ లెక్కపెట్టాడు. ఎనిమిది దారాలు. పెద్దాయన చెయ్యి బోసిగా ఉంది.

"ఒకటి మర్చిపోయావు."

"మర్చిపోలేదండీ. పోయినవాళ్లకి ఎవరు కడతారు?"

మించెవ్ చావుని ఎలాగూ మాఫీ చేసేశారు. కనీసం ఈ నిజమైనా బయటపడనీ, అనుకున్నాడు రషేవ్.

"రెండింటికి సరిహద్దు వైపు రైలుంది. ఇంటికి కూడా పోకుండా వెళ్లిపో," అని ఫోటోను తనే ఎడిటర్ గదికి పట్టుకెళ్లాడు.

వర్బెవ్ తన చేతిని మాత్రమే చూసుకున్నాడు. దారం చక్కగా కుదిరింది. 'సరిచూశాను' అని సంతకం పెట్టి ప్రెస్‌కి పంపేశాడు.

ఐదింటికి ట్రామ్ స్టాపులో పేపర్లు పంచారు. జనం పెద్దాయన చెయ్యి చూశారు. ఒక ముసలాయన టోపీ తీశాడు. తర్వాత ఇంకొకాయన.

ఆరింటికి వర్బెవ్ కోసం రహస్య పోలీసుల నల్లకారు వచ్చింది.